వాన గూడ విప్పిన రోజు

బయ్యన్న బాణానికి గురి తప్పడం తెలియదు. గాలికి ఊగే కొమ్మ మీది చింతకాయనైనా సరే, ఏ కాయ చెబితే ఆ కాయను రాల్చేవాడు. అయినా ఆ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచి తిరిగి ఒక్క దుప్పిని కూడా తేలేకపోయాడు.

ఆ కొండల్లో అతనికి వేట నేర్పే గురువు ఈదయ్య. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలం నీటి మడుగు పక్కన మాటు వేసి ఎవడైనా కొడతాడు, వానలో దుప్పిని తెచ్చినవాడే వేటగాడు అనేవాడు. వానలు వెనకపట్టేలోగా తేలేని శిష్యుడు విల్లు ఆయన చేతికిచ్చి ఇంటిదారి పట్టాల్సిందే. బతిమాలితే కరిగే మనిషి కాదు.

బయ్యన్నకు ఇంటి దగ్గర గొర్రెల మంద ఉంది. కాపలాకు ఎప్పుడొస్తావని వాళ్ళ నాన్న అప్పుడే కబురు కూడా పంపాడు. ఆ కబురు విన్న దగ్గర్నుంచి బయ్యన్నకు కూడు సహించడం లేదు. విల్లు పోయాక తాను బతికి ఏం లాభమని కుమిలిపోయేవాడు.

ఒక ఉదయం ముసురులో బయ్యన్న ఈదయ్య గుడిసెకు వచ్చాడు. వానకు అతను ముస్తాబైన తీరు చూస్తే పెళ్ళికొడుకులు కూడా సిగ్గుపడాలి. తల మీంచి నడుము దాకా తాటాకులతో అల్లిన వాన గూడ. దాని కింద మందపాటి గొంగళి. కాళ్ళకు కొత్త కిర్రు చెప్పులు. ఆకాశం చిల్లుపడి కురిసినా అతని ఒంటి మీద ఒక్క చుక్క పడదు.

"పెద్దయ్యా, నేను చూసేలోపే దుప్పులు లేచిపోతున్నాయి. మీరేమో గోచి పెట్టుకుని పోయి, దుప్పిని భుజాన వేసుకొస్తారు. మీకు చలే వెయ్యదంట గదా! ఆ మంత్రమేదో నాకూ చెప్పండి. విల్లు మాత్రం అడక్కండి."

"ముందు ఆ గూడ, గొంగళి, చెప్పులు ఇట్టా ఇయ్యి" అన్నాడు ఈదయ్య.

అతన్ని అడవిలోకి తీసుకెళ్ళి, చెట్ల మధ్య కాస్త ఖాళీ జాగాలో కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు నువ్వే దుప్పివి. కళ్ళు మూసుకో. నేను వస్తున్నట్టు తెలిస్తే చెప్పు."

బయ్యన్న గోచితో వానలో కూర్చున్నాడు. కాసేపటికి దూరంగా చేటలో శనగలు పోసినట్టు చప్పుడు వినిపించింది. తాటాకుల మీద చినుకులు. దాని వెనకే చెప్పుల కిర్రు. ఇన్నాళ్ళూ ఆ గూడ లోపలే తిరిగిన బయ్యన్న ఆ చప్పుడంతా వానదే అనుకున్నాడు.

"వచ్చారు పెద్దయ్యా! ఇంకా ఆ మద్దిచెట్టు దగ్గరే ఉన్నారు."

ఈదయ్య వెనక్కి వెళ్ళి, గూడ, చెప్పులు తీసేసి మళ్ళీ బయల్దేరాడు. ఈసారి చప్పుడు లేదు. కానీ కొంతసేపటికి బయ్యన్న ముక్కు పుటాలు అదిరాయి.

"వచ్చారు."

"ఎట్టా తెలిసింది?"

"గొంగళి తడిసింది గదా. గొర్రె వాసన."

"ఈ అడవిలో గొర్రెలు తిరుగుతాయా?"



మూడోసారి అతను చాలాసేపు ఎదురుచూశాడు. ఆకుల మీంచి నీళ్ళు జారుతున్నాయి. ఎక్కడో కప్ప బెకబెకమంటోంది. చలికి పళ్ళు టకటకలాడుతుంటే, ఇంకేమీ వినబడక, దవడ బిగించి చెవులు రిక్కించాడు. మనిషి అలికిడి మాత్రం లేదు. ముసలాయన తనను మరిచిపోయి ఇంటికెళ్ళిపోయాడేమోనని కూడా అనుమానం వచ్చింది.

అప్పుడు అతని భుజాల మీద పొడిగా, వెచ్చగా ఏదో పడింది.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. అది ఈదయ్య సొంత గొంగళి. అడ్డాకుల్లో చుట్టి చెట్టు తొర్రలో దాచుకున్నది. ఆయన గోచితో వెనకే నిలబడి ఉన్నాడు. తెల్లటి గడ్డం వెంట నీళ్ళు కారుతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణికే ఒళ్ళే ఇప్పటిదాకా ఒక్క ఆకు కదలకుండా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చింది. బయ్యన్న చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"మీకు చలి వెయ్యదన్నారే, పెద్దయ్యా!"

"ఎవడన్నాడు? ఎముకలు కొరికేస్తోంది." ముసలాయన నవ్వాడు. "అయితే ఆ సంగతి దుప్పికి ఎందుకు?"

"మరి ఈ గొంగళి?"

"తిరిగొచ్చేటప్పటికి."

మర్నాడు తెల్లవారుతుండగా బయ్యన్న గోచితో, విల్లుతో వానలోకి వెళ్ళాడు. గూడ గుడిసె చూరుకే వేలాడుతోంది.

పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు. భుజాన దుప్పి ఉంది. తోటి శిష్యులు చుట్టూ మూగి కొమ్ములు పట్టుకుని చూశారు, బాణం ఎక్కడ తగిలిందని అడిగారు. బయ్యన్న వాళ్ళను తప్పించుకుని గురువు దగ్గరికి నడిచాడు.

ఈదయ్య కొమ్ముల వైపు చూడనే లేదు. శిష్యుడి చెయ్యి పట్టుకు చూశాడు. రాయిలా చల్లగా ఉంది.

"చలి వేసిందా?"

నిన్నటి బయ్యన్న అయితే లేదనేవాడు.

"వేసింది పెద్దయ్యా. చచ్చేంత."

ఈదయ్య అతని చేతిలోంచి విల్లు తీసుకున్నాడు. బయ్యన్న చెయ్యి దాని వెంటే సాగింది.

ముసలాయన తన పొడి గొంగళి అంచుతో ఆ విల్లును చివరి నుంచి చివరి దాకా తుడిచి, మళ్ళీ అతని చేతిలో పెట్టాడు.