తేనెతొర్రలో గవరయ్య పంజా

1963 ఆగస్టు 14, బుధవారం. పొద్దుటి నుంచి సన్నటి తుంపర, పడమటి గాలి.

గవరయ్య అనే గుంటనక్క కడుపులో మూడు రోజులుగా మెతుకు లేదు. కొండ కింద వడ్రంగి కనకాచారి ఊరి కోళ్ళ గూళ్ళన్నింటికీ కొత్త తలుపులు బిగించాడు. ఆయన చిత్రిక పట్టిన టేకు పలక మీద చీమ కూడా జారిపోయేది. ఈ రోజుల్లో ఆ పనితనం ఎక్కడిది? సరే, కథలోకి వద్దాం.

ఆ వేళే ముసలి ఎలుగు బూచయ్య మూలన పడ్డాడని తెలిసింది. పిల్లాజెల్లా లేనివాడు. ఆస్తల్లా తేనెపట్లు దాచుకున్న చీకటి తొర్ర. కళ్ళకు పొరలు కమ్మాక, ఆ తేనెపట్ల పక్కనే కందిరీగలు కాపురం పెట్టాయి. తడిమి చూసి తేనెపట్టు తెచ్చినవారిదే తన తర్వాత తొర్ర అని బూచయ్య చాటించాడు.

కోతి తిప్పక్క ఉడతతో మాట్లాడుతుంటే గవరయ్య పొదచాటున చెవి పెట్టాడు.

"కనకాచారి కళ్ళు మూసుకుని పలక మీద వేలు పెడతాడే. వెంట్రుకంత గరుకున్నా పట్టేస్తాడు."

అంతే, గవరయ్య పరుగు లంకించుకున్నాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు.

"పెడితే చాలా అక్కా?" అంది ఉడత.

"చాలదు. ఊరికే ఉంచితే వేలు మూగది. తేలిగ్గా జరపాలి. వేలికొన మీద దుక్కిచాళ్ళలాంటి గీతలుంటాయి చూడు, అవి గరుకు మీద నడుస్తూ వణుకుతాయి. ఆ వణుకే కబురు."

ఈలోగా గవరయ్య తొర్ర దగ్గర పడుకున్న బూచయ్యకు వంగి దండం పెట్టాడు.

"ముక్కును నమ్ముకోకు నాయనా, లోపలంతా తేనె వాసనే," అన్నాడు బూచయ్య.

"ముక్కెందుకు తాతా, పంజా ఉండగా."

కళ్ళు మూసుకుని పంజా ఆనించాడు. ఏమీ తెలియలేదు. నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. పట్టు ఎండుటాకులా నలిగింది. అప్పుడు కబురొచ్చింది, వందమంది మోసుకొచ్చారు.

కందిరీగలన్నీ గవరయ్యను వాగుదాకా సాగనంపాయి. తిప్పక్క నింపాదిగా వచ్చి, వేలికొనలు అలా అలా జరిపి, పొడిగా గరగరలాడినదాన్ని వదిలేసి, నున్నటి మైనపు పట్టు తుంచి తెచ్చింది.

సాయంత్రం గవరయ్య ఉబ్బిన మూతితో తిరిగొచ్చి, తానూ వడ్రంగిలాగే చేశానని వాదించాడు.

"వేలు పెట్టి ఏం చేశావు?"

"పెట్టి ఉంచాను తాతా."

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని బూచయ్య పడీపడీ నవ్వాడు.

ఆ వారంలోనే కన్నుమూశాడు. తొర్ర తిప్పక్కకి, బూచయ్య మెత్తటి ఆకుల పడక చివరిదాకా విన్న ఉడతకి దక్కాయి. గవరయ్యకి వాపు ఒక్కటే వచ్చింది, అదీ పదిరోజులే ఉంది.

సగం విన్నవాడికి సగం కూడా దక్కదు.