నూకాలు వదలని తాడు

అనగనగనగా, ఏటి పక్కన ఒక ఊరు. ఊఁ అనండర్రా. మీరు ఊఁ అనకపోతే నాకు కథ నడవదు.

ఆ ఊరికి రెండే వీధులు. నీళ్ళ ఒడ్డునున్నది ఏటి వీధి, మెరక మీదున్నది గట్టు వీధి. వాళ్ళకి చేపలు, వీళ్ళకి చింతతోపులు. మన నూకాలు ఏటి వీధిలో పుట్టి గట్టు వీధికి కోడలిగా వచ్చింది. పొయ్యి మీద ఎసరు పెట్టేసి, పరుగున వెళ్ళి వాళ్ళమ్మ అచ్చియ్యమ్మని చూసి, ఎసరు మరిగేలోగా వచ్చేసేది. అంత దగ్గర.

ప్రతి ఏడూ జాతరకి ఆ ఊళ్ళో జడ కోలాటం ఆడేవారు. మీరు చూళ్ళేదుగా, చెప్తాను. రెండు వీధులూ కలిసేచోట ఒక స్తంభం, దాని నెత్తిన ఒక చక్రం, చక్రానికి రంగురంగుల తాళ్ళు. మనిషికో తాడు. ఒక చేత తాడు కొస, ఇంకో చేత కర్ర. ఏటి వీధివాళ్ళు కుడికి తిరిగితే గట్టు వీధివాళ్ళు ఎడమకి. ఎదురొచ్చినవాళ్ళ తాడు కిందనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి. అలా తిరుగుతుంటే పైన తాళ్ళన్నీ కలిసి, ఇదిగో, మీ అక్క జడలా అల్లుకుంటాయి. అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతాయి. అల్లినవాళ్ళే విప్పాలి. ఒక్కరు తగ్గినా విడదు. నూకాలుకి ఎదురు జోడీ ఎవరనుకున్నారు? వాళ్ళమ్మే.

ఒక ఏడు ఏమైందంటే, ఆట సగంలో మా పాట ముందంటే మా పాట ముందని రెండు వీధులూ ఒకేసారి అందుకున్నాయి. పాట తప్పింది, అడుగు తప్పింది, తాళ్ళు చిక్కుపడ్డాయి. తాళం వెయ్యాల్సిన కర్రలు బుర్రల మీద పడ్డాయి. అక్కడితో ఊరుకున్నారా? ఎవరి తాడు వాళ్ళు తీసేసుకుందామని వీళ్ళొచ్చి లాగారు, వాళ్ళొచ్చి లాగారు. లాగేకొద్దీ ముడి బిగిసింది. బిగిసేకొద్దీ ఇంకా లాగారు. బుద్ధి ఉందా వాళ్ళకి? సగం అల్లిన జడ అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

మాటల్లేవు, రాకపోకల్లేవు. చింతపండు కిందికి పోదు, చేపలు పైకి రావు. చింతపండు లేక పులుసు లేదు, పులుసు లేక ముద్ద దిగదు, ముద్ద దిగక నిద్ర రాదు, నిద్ర రాక కోపం పోదు, కోపం పోక కొట్లాట ఆగదు, కొట్లాట ఆగక చింతపండు పోదు. ఊఁ కొడుతున్నారా, నిద్రపోయారా?

అచ్చియ్యమ్మ కూడా తక్కువది కాదు, గట్టు వీధి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ఇక్కడ నూకాలు అత్తగారు గౌరమ్మ, ఏటి వీధి పేరెత్తితే కాళ్ళు విరగ్గొడతానంది. మధ్యలో నూకాలు. మెరక మీద నిలబడి వాళ్ళమ్మ ఇంటి పొగ చూసుకుని ఏడ్చేది. పొగ కనపడితే అమ్మ వండుకుందని ధైర్యం.

రోజూ తగాదాలు తీర్చలేక రాజుగారికి విసుగొచ్చింది. ఆ జడ కోసి పారేయండి, స్తంభం ఉన్నచోట అడ్డంగా గోడ కట్టండి, ఎటువాళ్ళు అటు పడుంటారు అన్నాడు. బండ్ల మీద రాళ్ళొచ్చాయి, కొడవలి పట్టుకుని భటుడొచ్చాడు, వెనకే రాజుగారూ వచ్చాడు. రెండు వీధులూ అరుగుల మీంచీ గుమ్మాల్లోంచీ చూస్తున్నాయి.

నూకాలు పిండి చేతులతోనే వచ్చేసింది. వచ్చి తన ఎర్రతాడు కొస పట్టుకుని నిలబడింది. వదలమన్నారు, వదల్లేదు. రాజుగారికి అడ్డమొస్తావా అన్నారు. దానికి ఆవిడ, "రాజ్యం మీదే బాబూ, కాదన్లేదు. ఈ జడ మాత్రం మీరు అల్లింది కాదు. అల్లినవాళ్ళం బతికే ఉన్నాం, మేమే విప్పుకుంటాం. కొయ్యాలంటే ముందు ఈ చెయ్యి కొయ్యండి" అంది. కళ్ళల్లోకి చూసి మరీ అంది. రాజుగారు తెల్లబోయి, పొద్దు వాలేలోగా విప్పితే సరే, లేకపోతే గోడే అన్నాడు.

అప్పుడు నూకాలు ఊరివైపు తిరిగి పిలిచింది. పేరు పెట్టి కాదు, తాడు రంగు పెట్టి. పచ్చతాడెవరిదర్రా, ఇంట్లో దాక్కున్నారేం? నీలంతాడెవరిది, చేతులు పడిపోయాయా? గోడ కట్టాక ఏ గోడకి చెప్పుకుంటారు పాటలు? అని దులిపేసింది. పసుపుతాడు దగ్గరకొచ్చేసరికి ఆగింది. అమ్మా, నీ తాడు అనలేకపోయింది. అచ్చియ్యమ్మ అరుగు దిగింది. ఒట్టు గట్టున పెట్టి వచ్చి పసుపుతాడు పట్టుకుంది. తల్లీ కూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు, చూసుకుంటే ఏడుస్తారని. వాళ్ళని చూసి ఒక్కొక్కరే వచ్చారు.

అందరూ వచ్చారు గాని ఒక తెల్లతాడు మిగిలింది. అది గౌరమ్మది. ఆవిడ గుమ్మంలో చేతులు కట్టుకుని కదలదు. పొద్దు వాలిపోతోంది. ఇంకెక్కడ విప్పుతార్లే అని భటుడు కొడవలెత్తాడు. ఎత్తాడో లేదో, గౌరమ్మ కొంగు బిగించి దూకింది. "నా కోడలు పట్టుకున్న తాడు మీద కొడవలి పెడతావురా? దాన్ని తిట్టుకుంటే నేను తిట్టుకుంటాను. నువ్వెవడివి?" అంటూ తెల్లతాడు లాక్కుంది.

ఇంక విప్పాలి. ఎవరి పాట ముందు అని మళ్ళీ ఎవరో సణిగారు. నూకాలు నవ్వి, వెనక్కి నడుస్తున్నాం కదర్రా, ఇవాళ ముందు పాడినవాళ్ళదే చివరి పాటవుతుంది అంది. అంతే, అయితే మీరే ముందు పాడండంటే మీరే పాడండని రెండు వీధులూ ఒకళ్ళనొకళ్ళు తెగ బతిమాలుకున్నాయి. రాజుగారు తల పట్టుకున్నాడు. చివరికి పాటే వద్దని, ఉత్త కర్రల చప్పుడుతో వెనక్కి అడుగేశారు. ముడి దగ్గర ఎవరూ లాగలేదు. ఎదుటివాళ్ళు దాటేదాకా ఆగారు. ఆగితే చాలు, అదే వదులైంది. కింద ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి, పైన ఒకటి. పొద్దు వాలేసరికి ఏ తాడుకా తాడు విడిపోయి గాలికి ఊగింది.

గోడకి తెచ్చిన రాళ్ళు వెనక్కి తీసుకెళ్ళనివ్వలేదు నూకాలు. స్తంభం చుట్టూ అరుగు వేయించింది. ఆ రాత్రి రెండు వీధుల్లోనూ చేపల పులుసే. అచ్చియ్యమ్మ గట్టు వీధిలో తింది, గౌరమ్మ ఉప్పు చాలిందా వదినా అని అడిగి మరీ వడ్డించింది.

అదర్రా. రేపు మీరు పెద్దవాళ్ళయ్యాక, కోసేద్దాం, గోడ కట్టేద్దాం, పీడా పోతుంది అని చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. రానీండి. మీ తాడు కొస మాత్రం మీరు వదలకండి.

కథ కంచి బండెక్కేసింది. మీరింక దుప్పట్లోకి దూరండి. ఒరే, ఆ దుప్పటి చెరో కొసా పట్టుకుని లాగకండి, చిరుగుద్ది.