మూల చుక్క

నర్సీపట్నంలోని ఒక రక్తపరీక్షల ల్యాబులో మురహరి అనే టెక్నీషియన్ ఉండేవాడు. పనిమంతుడే గానీ, అన్నిటికీ తొందరే. "టీ చల్లారేలోగా రిపోర్టు చేతిలో పెడతాను" అని గొప్పలు చెప్పుకునేవాడు.

ఆ ల్యాబుకి కొత్తగా బయోచిప్ యంత్రం వచ్చింది. చిప్ అంటే గోరంత గాజు పలక. దాని మీద వరసగా చుక్కలుంటాయి. కాస్త రక్తం వేసి యంత్రంలో పెడితే, ఏ జబ్బు ఉంటే ఆ జబ్బు చుక్క వెలుగుతుంది. మూలనున్న చుక్క మాత్రం జబ్బు ఉన్నా లేకపోయినా వెలగాలి. చిప్ సరిగ్గా పనిచేసిందనడానికి అదే సాక్ష్యం. ఫ్రిజ్‌లోంచి తీసిన చిప్‌ని అరగంట బయట ఉంచాకే వాడాలి. ఆ అరగంటంటేనే మురహరికి ఒళ్లు మంట.

ఒకరోజు పొద్దున వరహాలమ్మ అనే బస్సు కండక్టరు వచ్చింది. నాలుగు రోజులుగా ఆమెకు జ్వరం.

"ఏటీ లేదంటే మధ్యాహ్నం డ్యూటీ ఎక్కుతాను బాబూ. చింతపల్లి ఘాట్ రోడ్డు బస్సు నాది" అంది.

మురహరి చల్లటి చిప్‌నే యంత్రంలో పెట్టేశాడు. పావుగంటలో నవ్వుతూ వచ్చాడు.

"ఒక్క చుక్కా వెలగలేదమ్మా. మీకే జబ్బూ లేదు!"

వరహాలమ్మ తెరను చూసింది. గోడకు అంటించిన చిప్ బొమ్మను చూసింది. ఇందాకటి నుంచీ ఆమెకు కాలక్షేపం ఆ బొమ్మే.

"అందులో మూల చుక్క వెలుగుతోంది కదా బాబూ. ఇక్కడ అదీ వెలగలేదేటి?"

"నాకు పని నేర్పుతున్నారా?" అన్నాడు మురహరి చిరాగ్గా.

"నేర్పడం కాదు బాబూ. మా టికెట్ మిషను ఒక్కోసారి తెల్ల కాగితం ఇస్తాది. అంటే బస్సులో జనం లేనట్టా? మిషనే బాగోలేనట్టు. అందుకే ముందు ఒక టికెట్ తీసి చూసుకున్నాకే నేను రైట్ చెబుతాను."

చేసిన తప్పు తెలిసి మురహరి చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది.

"క్షమించండమ్మా, ఇంకో అరగంట కూర్చోండి" అన్నాడు.

కొత్త చిప్ తీసి బల్ల మీద పెట్టి, గడియారం చూస్తూ తనూ కూర్చున్నాడు. ఈసారి మూల చుక్క చక్కగా వెలిగింది. దానితోపాటు డెంగీ చుక్కా వెలిగింది. ప్లేట్‌లెట్లు చూస్తే బాగా పడిపోయి ఉన్నాయి. వరహాలమ్మ డ్యూటీకి బదులు ఆసుపత్రిలో చేరింది. "ఇవాళే రావడం మంచిదైంది, ఘాట్ ఎక్కి ఉంటే దారిలోనే ప్రాణం మీదికొచ్చేది" అన్నారు అక్కడి డాక్టరమ్మ.

నెల తిరిగాక మురహరి చింతపల్లి బస్సెక్కాడు. కండక్టరు వరహాలమ్మే. మనిషి కోలుకుని కళకళలాడుతోంది.

"ఆగు బాబూ, ముందు మిషను చూసుకోనీ" అంది.

"నిదానంగా చూసుకోండమ్మా, నాకేం తొందర లేదు" అన్నాడు మురహరి. ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు.

నీతి: ఏమీ కనబడనంత మాత్రాన ఏమీ లేదని తేల్చేయకూడదు, మనం సరిగ్గా చూశామో లేదో ముందు చూసుకోవాలి.