ఆఖరి కూత

కిరీటి గొంతు మంచిది. ఆ సంగతి అందరికన్నా ముందు కిరీటికే తెలుసు. టీవీలో కబడ్డీ పోటీలకు తెలుగు కామెంటరీ చెప్పే అవకాశం రాగానే ఉన్న మాటలన్నీ మూటగట్టుకుని వెళ్ళి కూర్చున్నాడు. ఆటగాడు కాలు కదిపితే సింహం అన్నాడు, చెయ్యి చాపితే పిడుగు అన్నాడు. నెల తిరిగేసరికి అతని కామెంటరీలో ఆటగాళ్ళు తక్కువ, సింహాలు ఎక్కువ అయ్యాయి.

చూసేవాళ్ళకు విసుగొచ్చింది. ఛానల్‌కు ఫిర్యాదులు మొదలయ్యాయి. ప్రొడ్యూసర్ మాలిని అతన్ని పిలిచి, "ఫైనల్ వరకూ చూస్తానండీ. అది కూడా ఇలాగే ఉంటే వచ్చే సీజన్‌కి వేరేవాళ్ళని పెట్టుకోవాల్సి వస్తుంది," అని మర్యాదగానే చెప్పింది. ఆ పూట కిరీటికి అన్నం సహించలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి అతను కోరుకున్నది ఈ ఒక్క పనే.

తెనాలి వెళ్ళి దేవదానం మాస్టారి ముందు కూర్చున్నాడు. మాస్టారు రేడియోలో ఏళ్ళ తరబడి ఆటల కామెంటరీ చెప్పి రిటైరైన మనిషి. కిరీటికి మైకు ముందు కూర్చోవడం నేర్పింది ఆయనే.

"మాస్టారూ, రేడియోలో ఆట కనబడదు కాబట్టి మీరు ఏం చెబితే అదే ఆట. టీవీలో అంతా కనబడుతూనే ఉంటుంది. ఇంకా గొప్పగా చెప్పకపోతే నన్నెవరు వింటారు? నాకు చేతనైనదంతా చేస్తున్నాను. అయినా నచ్చట్లేదు. ఎక్కడ తప్పుతున్నానండీ?"

మాస్టారు పెరట్లో కూర్చుని మునగాకు దూస్తున్నారు. పని ఆపకుండానే అంతా విన్నారు.

"ఫైనల్ ఎక్కడరా?"

"విజయవాడలోనండీ."

"నన్ను నీ పక్కన కూర్చోనిస్తారా?"

"మీరొస్తానంటే కాదనేదెవరండీ!"

"అయితే వస్తా," అని మళ్ళీ మునగాకులో పడ్డారు. ఇంకేమైనా చెబుతారేమోనని కిరీటి చాలాసేపు చూశాడు. మాస్టారి భార్య ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాడు.

ఫైనల్ రోజున మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గురువుగారు పక్కనుంటే కిరీటికి హుషారు ఎక్కువైంది. సింహాలకు పులులు కూడా తోడయ్యాయి.

రెండో సగం మధ్యలో సోమన్న అనే కుర్రాడు కూతకు బయలుదేరాడు. "అదిగో, ఆకలిగొన్న బెబ్బులి..." అని కిరీటి ఎత్తుకోబోయేసరికి మాస్టారు చొక్కా జేబులోంచి కరక్కాయ ముక్క తీసి అతని నోటి ముందు పెట్టారు. గురువు ఇస్తుంటే కాదనడం కిరీటికి ఏనాడూ అలవాటు లేదు. నోరు తెరిచాడు. ముక్క లోపలికి పోయింది.

వగరుకు దవడలు పట్టేశాయి. నాలుక తిరగలేదు. లోపల కోపం, బయట చెమట.

మాట ఆగిపోయిన ఆ ఖాళీలో, మ్యాటు పక్కన పెట్టిన మైకులోంచి సోమన్న కూత వినబడింది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. గుక్క తిప్పుకోకుండా, ఒకే ఊపిరిలో. ఇన్ని మ్యాచ్‌లు చెప్పాడు, అది హెడ్‌ఫోన్‌లో వస్తుందని కిరీటి ఎప్పుడూ గమనించనేలేదు. తన గొంతు కింద అది ఇన్నాళ్ళూ అణిగిపోయి ఉంది.

సోమన్న ఒకణ్ణి తాకి వెనక్కి వచ్చేశాడు. కిరీటి ముక్కను రుమాల్లోకి ఉమ్మి, మాస్టారి వైపు ఉరిమి చూశాడు. మాస్టారు ఆట చూస్తున్నారు.

ఆఖరి నిమిషానికి స్కోరు సమానమైంది. మిగిలింది ఒక్క కూత. మళ్ళీ సోమన్నే వచ్చాడు. కిరీటి ఓరగా పక్కకు చూశాడు. మాస్టారి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఈసారి అడ్డుపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే ఒక అద్భుతమైన మాట దానంతటదే కిరీటి నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

దాన్ని మింగేశాడు.

"కిరీటి గారూ, ఏమైంది? మాట్లాడండి!" హెడ్‌ఫోన్‌లో మాలిని కేక.

ఉద్యోగం పోయినట్టేననుకున్నాడు కిరీటి. అయినా పెదవి విప్పలేదు.

సోమన్న ఒకణ్ణి తాకాడు. తిరగబోతుంటే చీలమండ దొరకబుచ్చుకున్నారు. బోర్లా పడ్డాడు. మీద ముగ్గురు పడ్డారు. వాళ్ళ కింద నుంచి కూత వస్తూనే ఉంది. సన్నబడింది, బొంగురుపోయింది, తెగలేదు. మోచేతుల మీద పాకుతున్నాడు. స్టేడియం అంతా చడీచప్పుడూ లేదు. మాలిని అరవడం కూడా ఎప్పుడు ఆపిందో తెలియదు. కిరీటి తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.

సోమన్న వేళ్ళు మధ్యగీతను తాకాయి. ఈల మోగింది.

"సోమన్న గెలిచాడు," అన్నాడు కిరీటి. అంతకుమించి ఒక్క మాట రాలేదు. తరవాత చాలాసేపు జనం కేకలే వినబడ్డాయి.

కాసేపటికి మాలిని మెట్లెక్కి పైకి వచ్చింది. ఏదో చెప్పాలని వచ్చి, కళ్ళు తుడుచుకుని, "వచ్చే సీజన్ మీరేనండీ," అని వెళ్ళిపోయింది. కిరీటి ఆ మాట కోసం ఎన్ని మొక్కులు మొక్కాడో! తీరా విన్నాక ఊరికే తలూపాడు.

మాస్టారు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఆఖర్లో ఏదో అనబోయి ఆగావు. ఏంటిరా అది?"

కిరీటి గుర్తు తెచ్చుకోబోయాడు. ఎంత వెతికినా చెవుల్లో సోమన్న ఊపిరే వినబడుతోంది.

"గుర్తు రావట్లేదండీ," అన్నాడు.

మాస్టారు అతని ముఖంలోకి ఒకసారి చూసి, సంచీ భుజాన వేసుకున్నారు.

"అయితే ఇక నన్ను పిలవకు," అని నవ్వుతూ మెట్లు దిగారు.