ఎగరని ఎగిరే కొండ

'ఎగిరే కొండ' నాటకం చూసి మురిసిపోయిన చింతగిరి రాజు తిమ్మభూపాలుడు మర్నాడు నిండు సభలో ఒక ఆజ్ఞ వేశాడు.

"ఇకమీదట సాయంత్రాలు సభలో 'ఎగిరే కొండ' పుస్తకం చదవక్కర్లేదు. అంత చక్కని నాటకం ఉండగా పుస్తకం దేనికి? ఆ తాటాకులు కట్టగట్టి అటకెక్కించండి!"

సభలో మాటకారిగా పేరుపడ్డ బాచన్న గుండె గతుక్కుమంది. ఆ పుస్తకమంటే అతనికి ప్రాణం. వానల్ని గుహలో బంధించిన మాంత్రికుడి మీదికి అక్కమ్మ అనే ముసలావిడ రెక్కల కొండనెక్కి బయలుదేరే కథ అది. ఎన్నిసార్లు విన్నా, కొండ రెక్క విప్పే చోట అతనికి ఒళ్ళు పులకరించేది. ఆ ఘట్టం కోసమే నాటకానికి ముందుగా వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, మెడ సాచి ఎదురుచూశాడు.

కొండ ఎగరలేదు. ఎవడో సేవకుడు వచ్చి "కొండ ఎగిరిందహో!" అని అరిచి వెళ్ళిపోయాడు.

అక్కమ్మ కాస్తా పదహారేళ్ళ పడుచైపోయింది. ఆ వేషం కట్టింది నాటకం ఆడించిన భుజంగరాయుడి మేనకోడలే లెండి. మాంత్రికుడితో ఆ పిల్లకు ఏడు పాటలు, ఆఖర్న పెళ్ళి. వానల సంగతి అందరూ మరిచిపోయారు. ఇప్పుడు ఉన్న ఒక్క పుస్తకమూ అటకెక్కి చెదలపాలవుతుందంటే బాచన్న ఊరుకుంటాడా?

ముఖాన నవ్వు పులుముకుని లేచాడు.

"రాయుడుగారూ, కథను ఎంత బాగా మార్చారండీ! ఆ కిటుకేదో మాకూ చెబుదురూ!"

భుజంగరాయుడు పొంగిపోయి మీసం దువ్వాడు.

"ఏముంది బాచన్నా! ముసలివాళ్ళను జనం చూడరు, తీసెయ్యాలి. ఖర్చయ్యేది ఎత్తెయ్యాలి. పోట్లాట ఉన్నచోట ప్రేమ పెట్టాలి. అంతే, ఏ కథైనా బాగుపడుతుంది!"

"భేష్!" అన్నాడు రాజు.

"ఏ కథైనానా ప్రభూ?" అని అమాయకంగా అడిగాడు బాచన్న.

"ఏ కథైనా!" అన్నాడు రాజు ఇంకా గట్టిగా.

బాచన్న సభ ముగియగానే తిన్నగా భట్రాజు ఇంటికి వెళ్ళాడు.

రాజు సభలో అడుగుపెట్టగానే భట్రాజు వంశాన్ని పొగడటం చింతగిరిలో ఆనవాయితీ. తాతగారు కోట కట్టించిన వైనం, రాజుగారు ఏనుగునెక్కి రాళ్ళకనుమలో దొంగల నాయకుణ్ణి చిత్తు చేసిన వైనం రోజూ వినకపోతే తిమ్మభూపాలుడికి తిన్నది అరగదు. మర్నాడు కూడా ఆయన ఛాతీ విరుచుకుని లోపలికి వచ్చాడు. భట్రాజు గొంతెత్తాడు.

"బహుపరాక్! తాతలెవరూ లేని తిమ్మభూపాలా! ఏనుగు ఖర్చని గాడిదనెక్కిన మహావీరా! రాళ్ళకనుమలో దొంగల నాయకుడి చెల్లెలితో ఏడు పాటలు పాడి, ఆమెను పెళ్ళాడి, కత్తి దూయకుండా ఇల్లు చేరిన ప్రభూ! జయము జయము!"

సభ గుడ్లప్పగించింది. తెర వెనకనుంచి మహారాణి గొంతు వినిపించింది.

"ఎవరండీ ఆ చెల్లెలు?"

రాజు ముఖం కందగడ్డయింది. "ఎవడ్రా ఇలా మార్చింది?" అని గర్జించాడు. భట్రాజు బాచన్నను చూపించాడు.

"నా సొంత తెలివి ఒక్క ముక్క లేదు ప్రభూ," అన్నాడు బాచన్న చేతులు కట్టుకుని. "నిన్న రాయుడుగారు చెప్పిన పద్ధతే. తమరు భేష్ అన్నారని చెప్పాను, భట్రాజు సరేనన్నాడు."

"మూర్ఖుడా! అది కథ. ఇది నా బతుకు!"

"అక్కమ్మకు ఆ కథే బతుకు ప్రభూ. పాపం, కోప్పడదామంటే ఆవిడకు సింహాసనం లేదు."

భుజంగరాయుడు చటుక్కున ముందుకొచ్చాడు.

"ప్రభూ, పైపై మెరుగులే దిద్దాను. పుస్తకం ప్రాణం చెక్కుచెదరలేదు!"

"అలాగా! అయితే పుస్తకంలో చివరికి అక్కమ్మ మాంత్రికుణ్ణి ఏమడుగుతుందండీ?" అన్నాడు బాచన్న.

భుజంగరాయుడు పైకి చూశాడు, కిందికి చూశాడు. మీసం మీదినుంచి చెయ్యి జారింది.

"అదీ... పుస్తకం మా బావమరిది చదివాడు. నాకు క్లుప్తంగా చెప్పాడు. చివర్లో అతనికి కునుకు పట్టిందట."

సభ గొల్లుమంది. తెర వెనక గాజులు కూడా గలగలమన్నాయి. రాజు కోపమంతా ఎగిరిపోయి, ఆయనా పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని ముందుకు వంగాడు.

"ఇంతకీ అక్కమ్మ ఏమడుగుతుంది బాచన్నా? నేనెప్పుడూ సగంలోనే లేచిపోయేవాణ్ణి."

బాచన్న వంగి దండం పెట్టాడు.

"చదివించుకుని వినండి ప్రభూ. క్లుప్తంగా చెప్పడం నాకు చేతకాదు!"

తిమ్మభూపాలుడు మళ్ళీ ఘొల్లున నవ్వి, చేతి బంగారు కడియం తీసి బాచన్నకు తొడిగాడు. ఆ తాటాకుల కట్టను అప్పటికప్పుడే సభకు తెప్పించి, మొదటి ఆకు నుంచి ఆఖరి ఆకు దాకా గొంతెత్తి చదవమని భుజంగరాయుడి చేతిలో పెట్టాడు.