మూత దించిన లాంతరు

అనగనగా, అంటే మరీ అంతు తెలియనంత వెనుక కాదు, పార్థివ నామ సంవత్సరం మార్గశిర బహుళ దశమి, శుక్రవారం. తెల్లవారేసరికి చింతమెట్ట ఊరంతా మంచు. ఎదురింటి గడప కనబడలేదు. మధ్యాహ్నానికి మంచు విడిచి ఎండ కాసింది గాని ఆ ఎండలో వేడి లేదు. సాయంత్రానికి ఉత్తరపు గాలి తిరిగింది. ముసలివాళ్లకు కీళ్లు పట్టేసే రోజు, వేటగాళ్లకు మంచి రోజు.

ఆ రోజు వీరమరాజు దొర తనవాళ్లను ముగ్గురినీ మంచం దగ్గరికి పిలిపించాడు.

దొరకు ఎనభై ఏళ్లు దాటాయి. కాళ్లు పడిపోయాక వసారాలోని నులకమంచమే ఆయన సింహాసనం. ఒక్కగానొక్క కొడుకు పాము కరిచి పోయాడు. ఇక మిగిలింది తమ్ముడి కొడుకులు రంగపరాజు, జగ్గరాజు. కొడుకు భార్య బంగారయ్యమ్మ. వాళ్లు కాక మూడు జాగిలాలు ఉండేవి. జాగిలాలంటే వేటకుక్కలు, నడుము సన్నం, కాళ్లు పొడవు. వాటి పేర్లు పిడుగు, బాణం, గోరింట. కుక్కకు గోరింట అని పేరేమిటని అడుగుతారేమో. దాని పాదాలు నాలుగూ ఎర్రగా ఉండేవి, అంతే. మూడింటికీ రోజూ అంబలి కాచి పోసేది బంగారయ్యమ్మ.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. పెత్తనం చేపట్టేవారు ముందుగా ఒక రాత్రి నక్కవేట నడపాలి. చంద్రుడు లేని వేళ, మూడు వైపులా రేకు, ముందు గాజు ఉన్న పెద్ద లాంతరు పట్టుకుని చెరకుతోటల వెంట వెళ్లాలి. వెలుగు కళ్లలో పడితే నక్క కట్టేసినట్టు నిలబడిపోతుంది. అదిగో, అక్కడే ఉంది ఆ ఇంటి ధర్మం. కళ్లు కనబడగానే లాంతరు మీది రేకుమూత ఒక్కసారి దించాలి. ఆ చీకట్లో నక్క తేరుకుని పరుగు తీస్తుంది. అప్పుడు మూత ఎత్తాలి, అప్పుడే కుక్కలు ఉరకాలి. దొరికితే కుక్కలది గెలుపు, దొరక్కపోతే నక్కది గెలుపు. వెలుగుకు చిక్కి నిలబడ్డ జంతువును కొట్టడం వేట కాదు, హత్య అనేవాడు దొర తాత. కుక్కలు కూడా అలాగే మరిగాయి. మూత పడి లేస్తేనే గాని కాలు కదపవు.

"నా కుక్కలు తరిమి పట్టిన నక్కను ఎవరు తెస్తారో వాళ్లదే ఇల్లూ, పొలమూ, పెత్తనమూ. తలా ఒక రాత్రి" అన్నాడు దొర.

బయటికి రాగానే రంగపరాజు నవ్వాడు. "వదినా, నీకెందుకు ఈ చలిలో తిరుగుళ్లు? ఎవరి పని వాళ్లది, వెళ్లి అంబలి కాచుకో."

"నా రాత్రి నాకూ ఉంది కదా మరిదిగారూ" అంది బంగారయ్యమ్మ.

"ఉంటుందిలే. పెత్తనం నా చేతికి రానీ, ముందు ఆ మూడు తిండిదండుగ కుక్కల్నీ కొట్టించేస్తాను. ఆ వెనకే నీకు పుట్టింటికి బండి కట్టిస్తాను."

పుట్టింట్లో ఆమెకు దీపం పెట్టే దిక్కు కూడా లేదు. ఆ సంగతి రంగపరాజుకు తెలుసు. తెలిసే అన్నాడు.

మొదటి రాత్రి రంగపరాజు వెళ్లాడు. చెరకుతోట గట్టు మీద రెండు కళ్లు పచ్చగా మెరిశాయి. మూత దించాలి. దించితే నక్క పారిపోతే? చేతిదాకా వచ్చిన పెత్తనం పారిపోదూ? దించలేదు. "ఉస్కో! ఉస్కో!" అని అరిచాడు. కుక్కలు లాంతరు వంక చూస్తూ కూర్చున్నాయి. తిట్టాడు, తన్నాడు, అయినా కదలలేదు. చివరికి తానే వెళ్లి దుడ్డుకర్రతో నక్క తల మీద మోదాడు.

తెల్లవారి దాన్ని తెచ్చి మంచం ముందు పడేశాడు. దొర నక్కను చూడలేదు. గోరింటను దగ్గరికి పిలిచి పాదాలు తడిమాడు.

"పొడిగా ఉన్నాయిరా. మంచు పడిన గడ్డిలో ఉరికిన కుక్కకు పొట్ట కింద నీళ్లు కారాలి. వేళ్ల సందుల్లో పల్లేరుకాయలు గుచ్చుకుని ఉండాలి."

"చలిమంట దగ్గర ఆరబెట్టాను పెదనాన్నగారూ!"

"అలాగా? పల్లేరుకాయలు కూడా ఆరిపోయాయా నాయనా?"

రెండో రాత్రి జగ్గరాజుది. అన్న కంటే తెలివైనవాడు. ఆ తెలివి ఏదైనా మంచి పనికి పెడితే ఊరికి ఒక చెరువు వచ్చేది. అతను లాంతరు వెలిగించనే లేదు. ఉచ్చులు పన్నేవాడి దగ్గర చచ్చిన నక్కను కొన్నాడు. కుక్కలను కాలువలో దింపి తడిపాడు. తరువాత కూర్చుని పల్లేరుకాయలు ఏరి ఒక్కొక్కటే వాటి పాదాల్లో గుచ్చాడు. కుక్కలు ఊరుకుంటాయా? తెల్లవారేసరికి అతని చేతులు కుక్కల కాళ్ల కంటే అన్యాయంగా తయారయ్యాయి.

దొర పాదాలు తడిమి తల ఊపాడు. జగ్గరాజు మొహం వికసించింది.

"అమ్మాయీ, ఒక తొట్టిలో నీళ్లు, ఒక తొట్టిలో అంబలి పెట్టు" అన్నాడు దొర.

కుక్కలు నీళ్ల వంక చూడలేదు. మూడూ అంబలి మీద పడి తొట్టి నాకేశాయి.

"రాత్రంతా ఉరికిన కుక్క ముందు నీళ్లు తాగుతుందిరా జగ్గూ. రొప్పు తగ్గేదాకా కూడు ముట్టదు."

"పాపం, ఆకలి వేసిందేమో పెదనాన్నగారూ!"

"ఆకలి వేసింది నీకురా" అన్నాడు దొర.

మూడో రాత్రి బంగారయ్యమ్మ కొంగు బిగించి లాంతరు ఎత్తింది. కుక్కల పలుపులు పట్టుకుని ముసలి దాలయ్య వెంట నడిచాడు. ఆ ఇంట్లో కుక్కలతోపాటు పెరిగినవాడు, ఆమె అంటే ప్రాణం పెట్టేవాడు. చాలాసేపు తిరిగారు. కాలువ మలుపు దగ్గర, పది అడుగుల దూరంలో, వెలుగులోకి ఒక ఆడనక్క వచ్చి నిలబడిపోయింది.

దాలయ్య దుడ్డుకర్ర ఎత్తి గుసగుసలాడాడు. "అమ్మగారూ, మూత దించకండి. ముందు దీన్ని నేను కొడతాను. ఆనక కుక్కల్ని తోట చుట్టూ పరుగెత్తిద్దాం. కాళ్లూ తడుస్తాయి, ముళ్లూ గుచ్చుకుంటాయి, ఇంటికెళ్లి నీళ్లూ తాగుతాయి. దొరగారు కాదు కదా, ఆయన తాత దిగి వచ్చినా కనిపెట్టలేడు."

నిజమే. ఎవరూ కనిపెట్టలేరు. బంగారయ్యమ్మకు రేపు తాను ఎక్కాల్సిన బండి కళ్లకు కట్టింది. ఆ బండి ఎటు వెళ్తుందో మాత్రం కనబడలేదు.

అప్పుడు నక్క నోరు విప్పింది. "అమ్మా, నాకు నువ్వు కనబడడం లేదు, వెలుగే కనబడుతోంది. ఉరకమంటే ఉరుకుతాను. చావమంటే ఇక్కడే చస్తాను. ఏదో ఒకటి త్వరగా కానీ."

బంగారయ్యమ్మ కుక్కల వంక చూసింది. మూడూ చెవులు నిక్కించి మూత పడడం కోసం ఎదురుచూస్తున్నాయి.

"కర్ర దించు దాలయ్యా" అంది. టక్కున మూత దించింది.

చీకట్లో గడ్డి గలగలమంది. మూత ఎత్తేసరికి నక్క కాలువ దాటుతోంది. కుక్కలు వింటి నుంచి వెలువడినట్టు ఉరికాయి. ఆహా, ఏమి పరుగది! తోట చుట్టి, నువ్వుచేను చీల్చి, కాలువ రెండుసార్లు దాటి, మెట్ట ఎక్కి. గోరింట పళ్లకూ నక్క తోకకూ మధ్య ఒక దశలో జానెడు దూరం కూడా లేదు. కాని మెట్ట మీద రాళ్లగుట్ట ఉంది, రాళ్ల నడుమ ఒక బొరియ ఉంది. నక్క దూరిపోయింది. కుక్కలు రొప్పుతూ వెనక్కి వచ్చాయి.

తెల్లవారింది. మరుదులిద్దరూ ముందే వచ్చి వసారాలో కూర్చున్నారు. ఖాళీ చేతులతో వస్తున్న వదినను చూసి రంగపరాజు బండివాడికి కబురు పెట్టాడు.

కుక్కలు తొట్టిలో నీళ్లు అడుగంటా తాగి, అంబలి వాసన కూడా చూడకుండా మంచం కింద సోలిపోయాయి.

"నక్క ఏదమ్మా?" అన్నాడు దొర.

"దొరకలేదు మామగారూ. బొరియలో దూరింది."

"ఎంత దూరంలో కనబడింది?"

"కర్రకు అందేంత దూరంలో."

"కొట్టి, తరువాత కుక్కల్ని పరుగెత్తిస్తే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు కొట్టలేదు?"

బంగారయ్యమ్మ మంచం కింద సోలిన కుక్కల వంక చూసింది. తరువాత మెల్లగా అంది. "కుక్కలు చూస్తున్నాయి మామగారూ."

దొర కళ్లు తుడుచుకున్నాడు. జబ్బు మనిషి కదా, ఆయనకు కళ్లు ఊరికే చెమ్మగిల్లేవి. కాని ఆ రోజు ఊరికే కాదు.

"నా కుక్కలు పట్టిన నక్కను ముగ్గురిలో ఎవరూ తేలేదు. కనుక మాట మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఇద్దరు నాకు అబద్ధాన్ని తెచ్చిపెట్టారు. ఇది ఖాళీ చేతులతో వచ్చి నిజం చెప్పింది. రంగా, ఆ బండిలో నువ్వే వెళ్లు."

పుష్యమాసం వెళ్లకముందే దొర కన్నుమూశాడు. ఇల్లూ, పొలమూ, జాగిలాలూ బంగారయ్యమ్మకు వచ్చాయి. దాలయ్యకు రెండు పాడిగేదెలు వచ్చాయి. జగ్గరాజుకు చిన్నపిల్లలున్నారు గనుక వాళ్ల మొహం చూసి ఒక ఎడ్లజత ఇచ్చారు. రంగపరాజుకు ఏమీ రాలేదు. నక్కకూ ఏమీ రాలేదు గాని, అది అడగనూ లేదు.

కాబట్టి పిల్లలూ, పట్టుబడతామన్న భయంతో తప్పు మానడం జాగ్రత్త మాత్రమే. ఎవరూ పట్టుకోలేని చోట మానడమే ధర్మం.