మీరా మీద రుమాలు పడిన రోజు

ఎర్రగుట్ట దర్గాలో ఉరుసు దగ్గరపడే కొద్దీ నాగూర్‌మీరా చిక్కిపోతూ వచ్చాడు. తిండి లేక కాదు. పళ్లెం ముందున్నా కళ్లు మాత్రం స్క్రీను మీద ఉండేవి. ముద్ద నోట్లోకి పోయిందో చెవిలోకి పోయిందో కూడా చూసుకునేవాడు కాదు. చివరికి గట్టిగా గాలి వీస్తే మనిషి ఎగిరిపోకుండా కంప్యూటరు తీగలే పట్టి ఆపుతున్నాయని దర్గాలో చెప్పుకున్నారు.

మీరా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. సెలవు దొరికితే చాలు, దర్గా పెద్ద దస్తగిరి తాత చాప పక్కన వచ్చి వాలతాడు. ఈసారి తాత అతనికి ఒక పని అప్పగించాడు. ఉరుసులో తప్పిపోయినవాళ్లని వాళ్లవాళ్ల దగ్గరికి చేర్చడం.

అదేం చిన్న పని కాదు. ఎర్రగుట్ట జనాన్ని పైనుంచి చూసి, కాలు పెట్టే చోటు లేదని పొద్దు కూడా కుంకడానికి వెనకాడుతుంది. అక్కడ చీమ తప్పిపోతే దాని మనవలు వెతుక్కోవలసిందే. పోయినేడు ఓ ముసలామె కొడుకు పేరు పిలుస్తూ దర్గా చుట్టూ తిరిగింది. కొడుకు ఆమెని పిలుస్తూ ఆమె వెనకాలే తిరిగాడు. మర్నాడు కలుసుకునేసరికి ఇద్దరికీ గొంతు లేదు. ఆమె మీరా చెయ్యి పట్టుకుని పెదాలు కదిపింది. ఏమన్నదో వినపడలేదు. అది మీరాని వదల్లేదు.

అందుకని ఈ ఏడు నాలుగు ద్వారాల దగ్గర నాలుగు పందిళ్లు, నడుమ ఇంకొకటి వేయించాడు. తప్పిపోయినవాళ్లు ఏ పందిరికి వచ్చినా ఫోటో తీసి, పేరు కంప్యూటర్లో ఎక్కిస్తారు. వెతుక్కునేవాళ్లు ఏ పందిట్లో అడిగినా మనిషి ఎక్కడున్నదీ కనపడుతుంది. అన్నిటికీ కలిపి నడిచేది ఒకటే సర్వరు, అది ఆగితే అందుకోవడానికి పక్కన జోడీగా ఇంకో పెట్టె. రెండూ నడిమి పందిట్లో, మీరా చేతికందేంత దూరంలో ఉంటాయి.

సర్వరు జనాన్ని తట్టుకుంటుందా, ఎక్కడ కూలుతుంది, కూలితే ఎట్లా లేస్తుంది అన్నది తేల్చుకోవడానికి అతను మరో ప్రోగ్రాం రాశాడు. దానిలోంచి ప్రాణం లేని జనం పుట్టుకొస్తారు. అందరూ ఒక్కసారే సర్వరు మీద పడి పేర్లు అడుగుతారు. మీరా రోజూ వాళ్లని వదిలాడు, రోజూ పెంచాడు. భూమ్మీది జనాభా చాలకపోతే ఇంకా పుట్టనివాళ్లని కూడా తెచ్చి వరసలో నించోబెట్టాడు. సర్వరు పడలేదు.

"తాతా, ఎంత తోసినా పడటంలేదు" అన్నాడు మీరా.

"మంచిదేగా."

"మరి నాకు భయం ఎందుకు పోవటంలేదు?"

తాత తమలపాకు ఈనె తీస్తున్నాడు. "పడేదాకా తోశావా?"

"పడేట్టు ఉంటే ఓ చెయ్యేస్తా కదా తాతా. రెండు మీటలు నొక్కితే సర్దుకుంటది."

"ఊఁ" అన్నాడు తాత. ఆకు నోట్లో పెట్టుకున్నాడు. ఇక నోరు తెరిచే వీల్లేదు.

తాత భుజాన ఎప్పుడూ ఓ తెల్ల రుమాలుంటుంది. ఉరుసు పనులు జోరుమీదున్న రోజుల్లో ఆయన మెల్లగా నడిచొచ్చి దాన్ని ఎవరో ఒకరి భుజాన వేస్తాడు. వాళ్లు చేతిలో పని ఉన్నపళంగా వదిలి, సాయంత్రం మగ్రిబ్ నమాజు దాకా తాత చాప మీద కూర్చోవాలి. మాట లేదు, సైగ లేదు. మిగతావాళ్లు ఆ మనిషి లేకుండా పని లాక్కురావాలి. ఎందుకని ఎవరూ అడగరు.

ఒక ఏడు అది వంట మాస్టరు మీద పడింది, అదీ బిర్యానీ సగంలో ఉండగా. ఆ పూట తక్కినవాళ్లు దించిన అన్నం తిని ఎర్రగుట్ట కాకులకి ముక్కులు ఇప్పటికీ వంకరే. ఆ మరుసటేడు ఉరుసు రోజునే మాస్టరు జ్వరంతో పడుకుంటే, అన్నం మాత్రం వేళకి వడ్డించారు. ఈ రెండు సంగతులనీ కలిపి ఎవరూ మాట్లాడుకోలేదు.

బుధవారం పొద్దున నడిమి పందిట్లో రిహార్సలు పెట్టుకున్నారు. మైకు దగ్గర కాసింబీ, కంప్యూటరు ముందు జిలానీ. ఇద్దరూ తాత శిష్యులే. తప్పిపోయినవాళ్ల వేషం కట్టిన మనుషులు ద్వారాల దగ్గర తయారుగా ఉన్నారు. మీరా తన ప్రాణం లేని జనాన్ని వదిలాడు.

భుజం మీద మెత్తగా ఏదో పడింది.

"తాతా, ఇవాళ కాదు. ఇవాళొక్కరోజు..."

తాత పెదాల మీద వేలు పెట్టుకుని, పందిట్లో ఓ పక్కన పరిచిన తన చాప చూపించాడు.

మీరా కూర్చున్నాడు. కాసేపు అంతా బాగానే నడిచింది. తర్వాత సర్వరులో ఫ్యాను రైలింజను మాదిరి కూత మొదలుపెట్టింది.

"అన్నా, చక్రం తిరగతానే ఉంది, పేరు రావటంలా" అన్నాడు జిలానీ.

మీరా తల వంచుకున్నాడు. మోకాలి మీద అతని వేళ్లు రెండు కదులుతున్నాయి. నొక్కడానికి ఏమీ లేకపోయినా నొక్కుతున్నాయి. తాత తన అరచెయ్యి తెచ్చి ఆ వేళ్ల మీద పెట్టాడు. చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది. ఇన్నాళ్లూ సర్వరు ఎందుకు పడలేదో మీరాకి అప్పుడు తెలిసింది.

ఫ్యాను కూత ఆగిపోయింది.

"పోయింది" అన్నాడు జిలానీ.

నాలుగు ద్వారాల నుంచీ ఫోన్లు ఒక్కసారే మోగాయి. కాసింబీ మైకు వదిలి వచ్చింది. "దానికి జోడీ పెట్టె ఒకటి పెట్టాడుగా. అది తెరువు."

జిలానీ రెండో సర్వరు మీట నొక్కాడు. అది లేచి కూర్చుని పాస్‌వర్డు అడిగింది.

"పాస్‌వర్డు ఎవరికి తెలుసు?" అంది కాసింబీ.

"అన్నకి."

"ఇంకా?"

"అన్నకే."

అందరూ మీరాని చూశారు. మీరా తాతని చూశాడు. తాత దూరంగా పందిరి గుంజని నములుతున్న మేకని చూస్తున్నాడు.

"అదంతా వాడి పొట్టలోనే ఉంటే ఈ పెట్టెకి ఇంత ఫ్యాను ఎందుకు?" అంది కాసింబీ.

జిలానీ ఊరుకోలేదు. మీరా వాళ్లమ్మ పేరు కొట్టి చూశాడు. దర్గా పేరు కొట్టాడు. ఏమీ తోచక బిర్యానీ అని కూడా కొట్టాడు. పెట్టెకి విసుగొచ్చి తలుపు పూర్తిగా మూసుకుంది. చాప మీద మీరా చెమటకి అక్కడ దోసపాదు పెట్టుకోవచ్చు.

కాసింబీ కొంగు దోపుకుని మైకు దగ్గరికి పోయింది. "ద్వారాల కాడోళ్లు ఇనండి. పెట్టె లేచిందాకా పేర్లు నాకు ఫోన్లో చెప్పండి, నేను చదువుతా."

చదివింది. ఆ గొంతుకి తప్పిపోయిన వేషం కట్టినవాళ్లే కాదు, పక్కూళ్లో ఎవరింట్లో వాళ్లు కూర్చున్నవాళ్లు కూడా లేచి వచ్చారు. పని మెల్లగా, కుంటుకుంటూ, ఒకరి పేరు ఇంకొకరికి అంటగట్టుకుంటూ సాగింది. కానీ సాగింది.

మొదట్లో మీరాకి ఏడుపొచ్చింది. ఎండ పందిరి కిందికి జరిగే వేళకి మాత్రం వింతగా ఊపిరి తేలికైంది. ఇన్నాళ్లూ ఏది వస్తుందోనని బెదిరాడో అది వచ్చేసింది. వచ్చి కళ్లెదుటే బోర్లా పడి ఉంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకోవచ్చు.

నమాజు కాగానే తాత రుమాలు తీసుకుని దులిపి భుజాన వేసుకున్నాడు. మీరా తాతతో దెబ్బలాడతాడని అందరూ కాచుకుని ఉన్నారు. అతను కూజా ఎత్తి గుక్క తిప్పుకోకుండా నీళ్లు తాగాడు.

"జిలానీ, ఇట్టా రా. అక్కా, నువ్వు కూడా."

ఆ రెండు మీటలు చూపించాడు. పాస్‌వర్డు చెప్పి ఇద్దరిచేతా వల్లె వేయించాడు. రెండో పెట్టె తెరిచి చూస్తే అందులో అంతకుముందెప్పటివో పేర్లున్నాయి.

"ఆ పెట్టెలో పేర్లు రోజూ దీంట్లోకి నింపుతున్నా అనుకున్నా. ఒక్కసారి కూడా తెరిచి చూసుకోలా" అన్నాడు.

"అందుకే బిర్యానీకి తెరుచుకోలా, సిగ్గుపడి" అంది కాసింబీ. మీరా నవ్వాడు. అతను నవ్వి ఎన్నాళ్లయిందంటే, నోటికి దారి గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది.

ఆ తర్వాత రోజూ వాళ్లే దాన్ని పడేశారు. తీగ పీకారు, కరెంటు ఆపారు, జనాన్ని మీదికి తోలారు. పడేసే ముందు మీరా పోయి మేక పక్కన, పందిరికి వీపు పెట్టి కూర్చునేవాడు. జిలానీకి ఆ పనిలో ఎంత రుచి తగిలిందంటే, భోజనానికి పిలిచినా "ఇంకొక్కసారి పడేసి వస్తా" అనేవాడు.

ఉరుసు రోజు, పొద్దు వాలకముందే గంధం ఊరేగింపు బయల్దేరింది. తూర్పు ద్వారం దగ్గర ఊడిన తీగ బిగించడానికి పోయిన మీరాని జనం ఎత్తుకుపోయారు. కాళ్లు నేలకి ఆనితే ఒట్టు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, ఆకుమీద నీటిబొట్టు లెక్కన దొర్లుతున్నాడు.

అప్పుడు మైకులో కాసింబీ గొంతు మోగింది. "పెట్టె పడిపోయింది. లేచిందాకా నేను చదువుతా, ఇనండి."

మీరా వెనక్కి తిరగబోయాడు. ఎవరి మోచెయ్యో అడ్డం వచ్చింది. ఎవరో పంచుతున్న చక్కెర నోట్లో పోశారు.

"గుర్రాల సుబ్బాయమ్మ గారు తూర్పు పందిట్లో ఉన్నారు" అని మైకు చదివింది.

పక్కనే తలపాగా చుట్టిన పెద్దమనిషి గట్టిగా ఊపిరి వదిలాడు. "మా ఇంటిదే. పొద్దుటినుంచి... ఎటు పోవాల నాయనా?"

మీరా రెండు చేతులూ అడ్డం పెట్టి జనంలో సందు చేశాడు. ఆయన ఆ సందులోంచి పరుగులాంటి నడకతో పోయాడు. తలపాగా తూర్పు పందిట్లోకి దూరేదాకా మీరా చూస్తూ నిలబడ్డాడు.

మైకు ఇంకొన్ని పేర్లు చదివింది. ఒక పేరు మధ్యలో ఆగిపోయింది.

"పెట్టె లేచింది. ఇక పందిళ్లలో అడగండి."

మీరా వెనక్కి పోవాలని చూడలేదు. జనం ఎటు తీసుకుపోతే అటు పోయాడు.

అతను నడిమి పందిరికి చేరేసరికి జిలానీ టీ తాగుతున్నాడు. "ఎక్కడికి పోయావన్నా? నీకు తీసిపెట్టిన టీ చల్లారిపోయింది" అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు.

మీరా వచ్చి చాప మీద కూర్చున్నాడు. చొక్కా నిండా ఎవరెవరివో చేతులంటిన గంధం.

"పడిందంటగా" అన్నాడు తాత.

"పడింది తాతా."

"నువ్వెక్కడున్నావు?"

"జనంలో."

తాత జరిగి చోటిచ్చాడు.

"ఎట్టా ఉన్నారు జనం?"